కెర్నల్ కోడ్ నుంచి హార్డ్‌వేర్ రిజిస్టర్లను చేరడం: వోలటైల్ పాయింటర్ ఎందుకు సరిపోదు?

ప్రశ్న: పటమట_ల్యాబ్ (విజయవాడ)

అందరికీ నమస్కారం. నేను విజయవాడలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఎంబెడెడ్ ల్యాబ్ బాధ్యత చూస్తున్నాను. మా విద్యార్థులు మొదట 8051, తరువాత ఎస్‌టీఎం32 అనే మైక్రోకంట్రోలర్లతో పని నేర్చుకుని వస్తారు. ఎస్‌టీఎం32ఎఫ్103లో పోర్ట్ సీ అవుట్‌పుట్ రిజిస్టర్ హెక్సాలో 4001100సీ అనే అడ్రస్ వద్ద ఉంటుందని మాన్యువల్‌లో చూసి, ఆ సంఖ్యను వోలటైల్ పాయింటర్‌గా (ప్రతిసారీ నిజంగా చదవాలి, రాయాలి అని కంపైలర్‌కు చెప్పే గుర్తున్న పాయింటర్‌గా) మార్చి, దానిలోకి విలువ రాస్తే పిన్ మారుతుంది. వాళ్ల దృష్టిలో రిజిస్టర్ అంటే ఇంతే.

ఈ సెమిస్టర్‌లో రాస్ప్‌బెర్రీ పై 4 బోర్డు మీద, 64 బిట్ లినక్స్‌లో, చిన్న కెర్నల్ మాడ్యూళ్లు రాయించాలని అనుకుంటున్నాము. ఇక్కడ వాళ్లు అడగబోయే ప్రశ్నలకు ముందుగానే సరైన సమాధానాలు సిద్ధం చేసుకోవాలన్నది నా ఉద్దేశం. చిప్ పత్రంలో జీపీఐఓ (బయటి పిన్నులను నడిపే భాగం) రిజిస్టర్లు 7ఈ200000 వద్ద ఉన్నాయని ఉంటుంది, ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణలలో ఎఫ్‌ఈ200000 అని ఉంటుంది, కెర్నల్ లోపల ఈ రెండింటిలో దేనినీ నేరుగా వాడకూడదంటారు. డివైస్ ప్రాంతాన్ని కెర్నల్ అడ్రసులలోకి తెచ్చే ఐఓరీమ్యాప్ అనే ఫంక్షన్‌ను పిలిచి ఒక పాయింటర్ తెచ్చుకున్న తరువాత కూడా, దానిని మామూలు పాయింటర్‌లా వాడకుండా రీడ్‌ఎల్, రైట్‌ఎల్ అనే ఫంక్షన్ల ద్వారానే వెళ్లాలంటారు. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనైతే వోలటైల్ వాడకాన్ని నిరుత్సాహపరుస్తూ ప్రత్యేకంగా ఒక పత్రమే ఉన్నది. మైక్రోకంట్రోలర్‌లో సరైనది ఇక్కడ ఎందుకు సరికాదో, "నియమం కాబట్టి" అనకుండా, కారణంతో సహా చెప్పగలిగేలా వివరించవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: బ్రాడీపేట_కెర్నల్ (గుంటూరు)

పటమట_ల్యాబ్ గారికి నమస్కారం. మీ ప్రశ్నలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. ఒకటి అడ్రస్ సంగతి, రెండవది ఆ అడ్రస్ వద్ద ఉన్న ప్రదేశం ఎలాంటిదన్న సంగతి. మొదటిదాన్నే అందరూ చెబుతారు, కానీ నా అనుభవంలో రెండవదే ముఖ్యమైనది.

ముందుగా అడ్రసులు. పై 4లోని చిప్ అయిన బీసీఎం2711 పత్రంలో కనిపించే 7ఈ200000 అనేది చిప్ లోపలి బస్సు అడ్రస్. ఏఆర్‌ఎం కోర్లకు అదే ప్రాంతం ఎఫ్‌ఈ200000 వద్ద కనిపిస్తుంది. ఇది పై 4కు మాత్రమే వర్తిస్తుంది. మొట్టమొదటి పై బోర్డులో ఇదే జీపీఐఓ 20200000 వద్ద, పై 3లో 3ఎఫ్200000 వద్ద ఉండేది. బస్సు అడ్రస్ మారలేదు, కోర్ వైపు నుంచి చూసే కిటికీ మాత్రం తరాల మధ్య మారుతూ వచ్చింది. అందుకే డివైస్ ట్రీలో (బోర్డులోని హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే పట్టికలో) జీపీఐఓ నోడ్ నేటికీ 7ఈ200000 అనే రాసి ఉంటుంది, పైనున్న ఎస్‌ఓసీ (మొత్తం చిప్) నోడ్‌లోని రేంజెస్ అనే పట్టిక దానిని కోర్ అడ్రస్‌గా మారుస్తుంది. డ్రైవర్‌లో సంఖ్యను చేత్తో రాయకుండా డివైస్ ట్రీ నుంచి తీసుకోవాలనడానికి ఇదే కారణం.

ఇక ఎఫ్‌ఈ200000 అనేది ఫిజికల్ అడ్రస్. ఎంఎంయూ (వర్చువల్ అడ్రసులను ఫిజికల్ అడ్రసులుగా మార్చే ప్రాసెసర్ భాగం) పనిచేస్తున్నంతసేపు కెర్నల్ కోడ్ కూడా వర్చువల్ అడ్రసులతోనే నడుస్తుంది. 64 బిట్ ఏఆర్‌ఎం లినక్స్‌లో కెర్నల్ అడ్రసులన్నీ పై సగంలో ఉంటాయి, ఈ సంఖ్యను నేరుగా పాయింటర్ చేస్తే అది కింది సగంలో, అంటే యూజర్ ప్రోగ్రాములకు కేటాయించిన భాగంలో పడుతుంది, అక్కడ మ్యాపింగ్ లేనందువల్ల కెర్నల్ ఊప్స్ (కెర్నల్ లోపలి తీవ్రమైన లోపం) వస్తుంది. ర్యామ్‌ను కెర్నల్ ముందే మ్యాప్ చేసుకుంటుంది కాబట్టి, దానితో పాటు డివైస్ ప్రాంతమూ వచ్చేస్తుందని కొందరు అనుకుంటారు. అలా రాదు.

ఇప్పుడు రెండవ విషయానికి వస్తాను. ఐఓరీమ్యాప్ చేసే పని పేజీ టేబుల్‌లో (ఎంఎంయూ చూసుకునే అడ్రసుల పట్టికలో) ఒక వరుస చేర్చడం మాత్రమే కాదు. ఆ వరుసలో మెమరీ రకం కూడా రాస్తుంది. 64 బిట్ ఏఆర్‌ఎంలో ఆ రకం పేరు డివైస్ ఎన్‌జీఎన్‌ఆర్‌ఈ. రెండు చిన్న రాతలను కలిపి ఒకే పెద్ద రాతగా చేయకూడదు, ఒకే డివైస్‌కు వెళ్లే రాకపోకల వరుస మార్చకూడదు, క్యాష్‌లో దాచకూడదు అని ప్రాసెసర్‌కు అది చెబుతుంది. ర్యామ్‌కు వేసే మామూలు రకంలో ఇవన్నీ అనుమతించబడతాయి, వేగం కోసం ప్రాసెసర్ వాటిని నిజంగానే చేస్తుంది.

మీ విద్యార్థులకు ఎస్‌టీఎం32లో ఈ సమస్య ఎందుకు కనిపించలేదో కూడా చెప్పండి, అప్పుడు విషయం బాగా నాటుకుంటుంది. కార్టెక్స్ ఎం కోర్లలో 40000000 నుంచి 5ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ వరకు ఉన్న ప్రాంతాన్ని డివైస్ రకంగా ఏఆర్‌ఎం ఆర్కిటెక్చరే ముందుగా నిర్ణయించి ఉంచింది. వాళ్ల పాయింటర్ పనిచేసింది వోలటైల్ అనే మాట ఒక్కదాని వల్ల కాదు, ఎవరూ అడగకుండానే సిలికాన్ ఆ ఏర్పాటు చేసి పెట్టడం వల్ల కూడా. లినక్స్‌లో ఆ ఏర్పాటును మనం ఐఓరీమ్యాప్ ద్వారా అడిగి చేయించుకుంటున్నాము.

డివైస్ రకం కావడం వల్ల మరొక పర్యవసానం ఉంది, దీనిని తప్పక చెప్పాలి. ఐఓరీమ్యాప్ ఇచ్చిన ప్రాంతం మీద మామూలు మెమ్‌సెట్, మెమ్‌కాపీ వాడకూడదు. 64 బిట్ ఏఆర్‌ఎం కెర్నల్‌లోని మెమ్‌సెట్, సున్నాలు నింపేటప్పుడు క్యాష్ లైన్ మొత్తాన్ని ఒకేసారి సున్నా చేసే ఆదేశాన్ని వాడగలదు. డివైస్ మెమరీ మీద ఆ ఆదేశం ఫాల్ట్ అవుతుంది. మెమ్‌కాపీలో ఎలైన్ కాని అడ్రసుకు వెళ్లినా అంతే. మెమ్‌సెట్_ఐఓ, మెమ్‌కాపీ_టుఐఓ అనేవి అందుకే వేరుగా ఉన్నాయి.

ఈ పాయింటర్‌ను పొరపాటున కూడా మామూలుగా వాడకుండా కాపాడడానికి కెర్నల్‌లో దాని రకానికి ఐఓమెమ్ అనే గుర్తు తగిలిస్తారు. కంపైలర్ దానిని పట్టించుకోదు గాని, 2003లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన స్పార్స్ అనే తనిఖీ సాధనం పట్టించుకుంటుంది. మాడ్యూల్ బిల్డ్ చేసేటప్పుడు మేక్ ఆదేశానికి సీ=1 చేర్చితే ఇలాంటి చోట్ల హెచ్చరిక వస్తుంది. ల్యాబ్‌లో దీనిని మొదటి రోజు నుంచి అలవాటు చేయించండి.

సమాధానం: మంగళగిరి_చిప్

బ్రాడీపేట గారు మెమరీ రకం గురించి చెప్పినది పూర్తిగా సరైనది. వోలటైల్ గురించిన భాగం నేను రాస్తాను, ఎందుకంటే నేను పనిచేసే నెట్‌వర్క్ డ్రైవర్లలో రోజూ ఎదురయ్యేది అదే.

వోలటైల్ అనేది కంపైలర్‌కు మాత్రమే చెప్పే మాట. స్టేటస్ రిజిస్టర్‌ను లూప్‌లో చదువుతున్నప్పుడు, విలువ మారదనుకుని కంపైలర్ ఒక్కసారే చదివి లూప్ బయట పెట్టేయకుండా అది ఆపుతుంది. అంతవరకు అది పనికివచ్చేదే, రీడ్‌ఎల్ లోపల కూడా ఆ హామీ ఉంటుంది. కానీ వోలటైల్ కాని మామూలు రాతలను కంపైలర్ దాని ముందుకో వెనక్కో జరపవచ్చు. కంపైలర్ జరపకపోయినా ప్రాసెసర్ జరపవచ్చు. డివైస్ ఎన్‌జీఎన్‌ఆర్‌ఈ అనే రకం డివైస్ రాకపోకల మధ్య వరుసను కాపాడుతుందే తప్ప, ర్యామ్‌కు చేసిన రాతకూ డివైస్‌కు చేసిన రాతకూ మధ్య వరుసను కాపాడదు.

దీని ప్రభావం డీఎంఏలో (డివైస్ స్వయంగా ర్యామ్‌ను చదివి, రాసే పద్ధతిలో) స్పష్టంగా కనిపిస్తుంది. నెట్‌వర్క్ కార్డుకు ఒక ప్యాకెట్ పంపాలంటే, ముందు ర్యామ్‌లో డిస్క్రిప్టర్ నింపుతాము, అందులో బఫర్ అడ్రస్, పొడవు ఉంటాయి. తరువాత డోర్‌బెల్ రిజిస్టర్‌లోకి ఒక సంఖ్య రాస్తే, కార్డు స్వయంగా ర్యామ్‌కు వచ్చి డిస్క్రిప్టర్ చదువుకుంటుంది. వోలటైల్ పాయింటర్‌తో డోర్‌బెల్ రాసినప్పుడు, డిస్క్రిప్టర్ రాత ఇంకా ర్యామ్ వైపు దారిలోనే ఉండగా డోర్‌బెల్ కార్డును చేరిపోవచ్చు, కార్డు పాత డిస్క్రిప్టర్‌ను చదివి ఎక్కడిదో ఒక అడ్రస్‌కు వెళ్లిపోవచ్చు. రైట్‌ఎల్ అనే ఫంక్షన్ 64 బిట్ ఏఆర్‌ఎంలో రాతకు ముందు ఒక బ్యారియర్ (రాకపోకల వరుస మారకుండా ఆపే ఆదేశం) వేస్తుంది, రీడ్‌ఎల్ చదివిన తరువాత బ్యారియర్ వేస్తుంది. ఎక్స్86లో ప్రాసెసర్ వరుస నియమాలే గట్టివి కాబట్టి అక్కడ కంపైలర్‌ను ఆపితే చాలును. కోడ్‌లో మనం రాసే వాక్యం ఒక్కటే, ఏ ప్రాసెసర్‌కు ఎంత జాగ్రత్త కావాలో అంత జాగ్రత్త ఆ ఫంక్షన్ లోపల ఉంటుంది. ఎక్స్86 మీద పరీక్షించి సరిగా ఉన్న వోలటైల్ కోడ్, ఏఆర్‌ఎం బోర్డు మీద ఎప్పుడో ఒకసారి మాత్రమే తప్పు చేయడానికి కారణం ఇదే. ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చే తప్పును వెతకడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి తెలుసు.

రిలాక్స్‌డ్ అనే మాట చేర్చిన రకాలు కూడా ఉన్నాయి. వాటిలో ఈ బ్యారియర్లు ఉండవు, వేగంగా ఉంటాయి. విద్యార్థులకు వాటిని ఇప్పుడే చూపించవద్దని నా సలహా. ఏ రాతకు వరుస అవసరం లేదో రుజువు చేయగలిగిన తరువాతే వాటి జోలికి వెళ్లాలి.

వరుస ఒక సంగతి, చేరడం మరొక సంగతి. రైట్‌ఎల్ పూర్తయి తరువాతి వాక్యానికి వచ్చినంత మాత్రాన విలువ డివైస్‌ను చేరిందని అర్థం కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర గేట్లు ఎత్తగానే బందరు కాలువ చివరి ఆయకట్టుకు ఆ క్షణానే నీరు అందనట్టుగా, మనం రాసిన విలువ ప్రాసెసర్ నుంచి బయలుదేరి, మధ్యలోని బఫర్లు, బ్రిడ్జిలు దాటి చేరడానికి సమయం పడుతుంది. పీసీఐ బస్సు మీద మెమరీ రాతలు ఇలా పోస్టెడ్ పద్ధతిలోనే వెళ్తాయి. ఒక చిప్‌ను రీసెట్ చేసి 1 మైక్రోసెకను ఆగి మళ్లీ విడుదల చేయాలంటే, రైట్‌ఎల్ తరువాత వెంటనే యూడిలే (కొన్ని మైక్రోసెకన్లు ఆగే ఫంక్షన్) పిలిస్తే ఆ మైక్రోసెకను రాత దారిలో ఉండగానే గడిచిపోవచ్చు. రాసిన వెంటనే అదే డివైస్ నుంచి ఒక రిజిస్టర్‌ను రీడ్‌ఎల్‌తో చదవాలి. చదవడం తిరిగి రావాలంటే ముందు వెళ్లిన రాత చేరి తీరాలి, రీడ్‌ఎల్ పూర్తయ్యేవరకు యూడిలే మొదలు కాదని కెర్నల్ హామీ ఇస్తుంది. వోలటైల్ పాయింటర్‌తో చదివితే ఈ రెండవ హామీ లేదు.

మరో ప్రశ్న: పటమట_ల్యాబ్

ఇద్దరికీ ధన్యవాదాలు. బ్యారియర్ గురించి ఇంత స్పష్టంగా నాకు ఇంతకు ముందు ఎక్కడా దొరకలేదు. మా మొదటి ప్రయోగం ఇలా అనుకున్నాను: జీపీఐఓ ప్రాంతాన్ని ఐఓరీమ్యాప్ చేసి, 17వ పిన్‌ను అవుట్‌పుట్‌గా మార్చి, ఎల్‌ఈడీ వెలిగించడం. ఎస్‌టీఎం32లో చేసినట్టే రిజిస్టర్ చదివి, కావలసిన బిట్‌ను ఆర్ చేసి, తిరిగి రాయించవచ్చునా? దీనిలో విద్యార్థులు గమనించవలసినవి ఏమైనా ఉంటే చెప్పగలరు.

సమాధానం: తెనాలి_బిట్స్

మాస్టారూ, ఈ ప్రయోగాన్ని మొదటిదిగా పెట్టవద్దని నా విన్నపం. కారణాలు చెబుతాను.

పై 4లో జీపీఐఓకు ఇప్పటికే యజమాని ఉన్నాడు. పిన్‌కంట్రోల్ డ్రైవర్ ఆ ప్రాంతాన్ని బూట్ సమయంలోనే తనదిగా నమోదు చేసుకుంటుంది, /ప్రోక్/ఐఓమెమ్ ఫైలును రూట్ అధికారంతో తెరిచి చూస్తే ఆ నమోదు కనిపిస్తుంది. మీ మాడ్యూల్ పద్ధతి ప్రకారం డెవ్ఎం_ప్లాట్‌ఫామ్_ఐఓరీమ్యాప్_రిసోర్స్ పిలిస్తే, అది ముందు ప్రాంతాన్ని కోరుతుంది కాబట్టి "బిజీ" అనే లోపం వస్తుంది. కోరకుండా నేరుగా ఐఓరీమ్యాప్ పిలిస్తే మ్యాపింగ్ దొరుకుతుంది, ఎల్‌ఈడీ కూడా వెలుగుతుంది. కానీ అప్పుడు ఒకే రిజిస్టర్‌ను ఇద్దరు, ఒకరికొకరు తెలియకుండా, మారుస్తుంటారు.

ఫంక్షన్ సెలెక్ట్ రిజిస్టర్లలో ఒక్కొక్కదానిలో 10 పిన్నులు, ఒక్కొక్క పిన్నుకు 3 బిట్లు ఉంటాయి. 17వ పిన్ రెండవ రిజిస్టర్‌లో, 21 నుంచి 23 వరకు ఉన్న బిట్లలో ఉంటుంది. అదే రిజిస్టర్‌లో 14, 15 పిన్నులున్నాయి, వాటిమీద సీరియల్ కన్సోల్ నడుస్తూ ఉండవచ్చు. మీరు చదివి, మార్చి, తిరిగి రాసే ఆ మూడు అడుగుల మధ్యలో మరొక కోర్ మీద పిన్‌కంట్రోల్ డ్రైవర్ అదే పని చేస్తే, ఇద్దరిలో ఒకరి మార్పు పోతుంది. ఒకే డ్రైవర్‌లో అయితే స్పిన్‌లాక్ (ఒకరు పని ముగించేవరకు ఇతరులను ఆపే లాక్) పెట్టుకుంటాము, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (డివైస్ పిలిచినప్పుడు నడిచే కోడ్) కూడా ఆ రిజిస్టర్‌ను తాకుతుంటే ఇంటరప్టులను ఆపే రకం లాక్ వాడతాము. రెండు వేర్వేరు డ్రైవర్ల మధ్య అలాంటి లాక్ ఏదీ లేదు.

పిన్ విలువ మార్చడానికైతే చిప్ తయారీదారు ఈ ప్రమాదం లేని దారి ఇచ్చాడు. బేస్ నుంచి హెక్సాలో 1సీ దూరంలో సెట్ రిజిస్టర్, 28 దూరంలో క్లియర్ రిజిస్టర్ ఉన్నాయి. వాటిలో 1 రాసిన బిట్ మాత్రమే పనిచేస్తుంది, 0 రాసిన పిన్నులు మారవు, కాబట్టి ముందుగా చదవవలసిన అవసరమే లేదు. మీ విద్యార్థులు ఎస్‌టీఎం32లో బీఎస్‌ఆర్‌ఆర్ అనే రిజిస్టర్‌ను చూసి ఉంటారు, దాని ఉద్దేశమూ ఇదే.

ఇక "చదివి, ఆర్ చేసి, రాయడం" అనే అలవాటు నేరుగా తప్పు చేసే రిజిస్టర్ కూడా ఇదే ప్రాంతంలో, 40 దూరంలో ఉంది. అది ఈవెంట్ డిటెక్ట్ స్టేటస్. ఏ పిన్ మీద ఈవెంట్ జరిగిందో ఆ బిట్ 1 అవుతుంది, దానిని తుడిచివేయాలంటే అదే బిట్‌లోకి 1 రాయాలి. 17వ పిన్ ఈవెంట్‌ను తుడవాలని ఒకరు రిజిస్టర్‌ను చదివి, 17వ బిట్‌ను ఆర్ చేసి, తిరిగి రాశారనుకోండి. ఆ సమయానికి 22వ పిన్ మీద కూడా ఈవెంట్ వేచి ఉంటే చదివిన విలువలో ఆ బిట్ 1గా ఉంటుంది, తిరిగి రాయడంతో ఎవరూ చూడకుండానే అదీ తుడిచిపెట్టుకుపోతుంది. ఇక్కడ కంపైలర్ తప్పు లేదు, బ్యారియర్ తప్పు లేదు, లాక్ ఉన్నా ఉపయోగం లేదు. 17వ బిట్ ఒక్కటే ఉన్న సంఖ్యను నేరుగా రాయడమే సరైన పద్ధతి.

చదవడం వల్ల కూడా స్థితి మారే రిజిస్టర్లు ఉన్నాయి. యూఏఆర్‌టీ (సీరియల్ పోర్ట్) డేటా రిజిస్టర్‌ను చదివితే ఫిఫోలోంచి (వచ్చిన అక్షరాలు వేచి ఉండే వరుసలోంచి) ఒక అక్షరం వెళ్లిపోతుంది. డీబగ్ కోసమని ప్రాంతంలోని రిజిస్టర్లన్నింటినీ వరుసగా ముద్రించే కోడ్ రాస్తే, కన్సోల్‌లో వచ్చిన అక్షరాలు మాయమవుతాయి. అందువల్ల ప్రతి రిజిస్టర్‌కూ పత్రంలోని "రకం" అనే గడిని చదవకుండా కోడ్ రాయనీయకండి.

మొదటి ప్రయోగంగా సిస్టమ్ టైమర్‌ను తీసుకోండి. దాని బస్సు అడ్రస్ 7ఈ003000, కోర్‌కు ఎఫ్‌ఈ003000. బేస్ నుంచి 4 దూరంలో కౌంటర్ కింది 32 బిట్లు, 8 దూరంలో పై 32 బిట్లు ఉంటాయి, ఇది సెకనుకు 10 లక్షల సార్లు పెరుగుతుంది. దీనిని చదవడం వల్ల ఎవరికీ హాని లేదు. రాయడం మాత్రం చేయించకండి, ఇతరులు వాడుకునే కంపేర్ రిజిస్టర్లు అదే ప్రాంతంలో ఉన్నాయి. వోలటైల్ కూడా లేని మామూలు పాయింటర్‌తో లూప్‌లో చదివిస్తే, ఆప్టిమైజేషన్ వల్ల లూప్ ముగియకపోవడాన్ని అసెంబ్లీ లిస్టింగ్‌లో చూపించవచ్చు. బోర్డు మీద నడపనక్కర లేదు, లిస్టింగ్ చాలును. తరువాత 64 బిట్ల కాలాన్ని రెండు 32 బిట్ల రీడ్‌లతో ఎలా చదవాలో అడగండి. కింది భాగం సుమారు 71 నిమిషాల 35 సెకన్లకు ఒకసారి నిండి సున్నాకు వస్తుంది. ఆ క్షణం రెండు రీడ్‌ల మధ్యలో పడితే విలువ ఘోరంగా తప్పుతుంది. పై భాగం చదివి, కింది భాగం చదివి, పై భాగాన్ని మళ్లీ చదివి, రెండూ ఒకటి కాకపోతే మొదటి నుంచి చదవాలి. ఈ మూడు రీడ్‌ల వరుస మారకూడదన్న అవసరాన్ని విద్యార్థి తనంతట తాను కనిపెట్టగలిగితే, మంగళగిరి గారు చెప్పిన విషయం సగం అర్థమైనట్టే.

సమాధానం: గవర్నర్‌పేట_యూజర్

ఒక చిన్న చేర్పు. కెర్నల్ మాడ్యూల్ రాయకుండా /డెవ్/మెమ్ ద్వారా యూజర్ ప్రోగ్రాం నుంచే రిజిస్టర్లను మ్యాప్ చేసుకోవచ్చని విద్యార్థులు తప్పక అంటారు. స్ట్రిక్ట్ డెవ్‌మెమ్ అనే కెర్నల్ ఐచ్ఛికం ఆన్‌లో ఉంటే ర్యామ్‌ను అలా మ్యాప్ చేయనీయదు, దానికి తోడుగా ఉన్న మరొక ఐచ్ఛికం డ్రైవర్లు వాడుతున్న డివైస్ ప్రాంతాలను కూడా మూసివేస్తుంది. రాస్ప్‌బెర్రీ పైలో జీపీఐఓ వరకు /డెవ్/జీపీఐఓమెమ్ అని వేరే ఫైలు ఉంది. ఏ దారిలో వెళ్లినా అక్కడ స్పిన్‌లాక్ ఉండదు, ఇంటరప్ట్ హ్యాండ్లర్ ఉండదు. పిన్ మార్చడమే అవసరమైతే జీపీఐఓ క్యారెక్టర్ డివైస్‌ను వాడడం మేలు.

సమాధానం: బ్రాడీపేట_కెర్నల్ (గుంటూరు)

తెనాలి గారి సలహాతో నేను ఏకీభవిస్తున్నాను, సిస్టమ్ టైమర్‌తోనే మొదలుపెట్టండి. రెండు విషయాలు మాత్రం చేర్చదలిచాను.

మొదటిది క్లాక్ గురించి. విద్యుత్తు ఆదా కోసం చాలా చిప్‌లలో వాడని భాగాలకు క్లాక్ ఆపి ఉంచుతారు. అలాంటి భాగం రిజిస్టర్‌ను చదివితే బస్సు మీద జవాబు రాదు. కొన్ని చిప్‌లలో ఎక్స్‌టర్నల్ అబార్ట్ అనే లోపం వస్తుంది, కొన్నింటిలో కోర్ అక్కడే నిలిచిపోతుంది. పీసీఐ మీద డివైస్ లేకుండా పోతే ఎక్కువ సిస్టమ్‌లలో అన్ని బిట్లూ 1గా ఉన్న విలువ వస్తుంది, అందుకే అనుభవమున్న డ్రైవర్లు ఆ విలువ వచ్చినప్పుడు అనుమానిస్తాయి. మ్యాపింగ్ సరిగా ఉండీ రీడ్ విఫలమైతే, విద్యార్థి ముందు చూడవలసినవి క్లాక్, రీసెట్, పవర్ డొమైన్. స్టేటస్ బిట్ కోసం ఎదురుచూసే లూప్‌లన్నింటికీ గడువు ఉండాలి. దానికి రీడ్‌ఎల్_పోల్_టైమ్‌అవుట్ అనే సిద్ధంగా ఉన్న మ్యాక్రో వాడించండి.

రెండవది, రాబోయే సంవత్సరాలలో మీరు పై 5 బోర్డులు కొనే ఆలోచనలో ఉంటే దాని గురించి. 2023లో వచ్చిన ఆ బోర్డులో జీపీఐఓ ప్రధాన చిప్‌లో లేదు, ఆర్‌పీ1 అనే వేరే చిప్‌లో ఉంది, అది పీసీఐ ఎక్స్‌ప్రెస్ ద్వారా కలుస్తుంది. రిజిస్టర్ల అమరిక కూడా వేరు. చేత్తో రాసిన ఎఫ్‌ఈ200000 అక్కడ దేనికీ పనికిరాదు, మంగళగిరి గారు చెప్పిన పోస్టెడ్ రాతల సంగతి అక్కడ ఎల్‌ఈడీ ప్రయోగానికి కూడా వర్తిస్తుంది. అడ్రస్‌ను డివైస్ ట్రీ నుంచి తీసుకుని, రీడ్‌ఎల్, రైట్‌ఎల్ మాత్రమే వాడి, ఆఫ్‌సెట్లను ఒకే హెడర్ ఫైలులో ఉంచితే, బోర్డు మారినప్పుడు మార్చవలసింది ఆ హెడర్, డివైస్ ట్రీలోని కంపాటిబుల్ పేరు, వాటితో పాటు రిజిస్టర్ బిట్ల అర్థాన్ని వాడుకున్న కొద్ది వాక్యాలు.